నలభయ్యో పుస్తకంలో పోయినవాడు

వీరదుర్గ మూడో తరగతి దాటలేదు. ఎనిమిదో ఏట చేతికి లేసు సూది ఇచ్చి అరుగు మీద కూర్చోబెట్టారు, ఆ తర్వాత బడికి వెళ్ళడానికి చెయ్యి ఖాళీ లేదు. నరసాపురం చుట్టుపక్కల ఆడపిల్లలకి అదేమీ వింత కాదు. అక్షరాలు కూడబలుక్కునేపాటి వచ్చు, అవీ మర్చిపోతూ ఉండగా గంగాధర్‌తో పెళ్ళయింది.

గంగాధర్ బోటు మీద వేటకెళ్ళేవాడు. తాగుడు లేదు, పేకాట లేదు. ఒక్కటే పిచ్చి ఉండేది, 'ఏటిసింహం' అని రాజమహేంద్రవరంలో అచ్చయ్యే బొమ్మల కథల పుస్తకం. నెలకొకటని పేరే గానీ రెండు నెలలకొకటి వస్తే గొప్ప. ముఖానికి ముసుగేసుకుని, గోదాట్లో మునిగి లేస్తే ఏనుగంత బలం వచ్చే ఒక కుర్రాడి కథ అది. ఆ కుర్రాణ్ణి పెంచిన అన్న పేరు సోమన్న. వేట లేని రోజుల్లో గంగాధర్ గుమ్మంలో కూర్చుని వేలు పెట్టి పైకి చదివేవాడు. వీరదుర్గ లేసు అల్లుతూ వినేది. వింటూ వింటూ ఆ వేలు వెంట తన కన్నూ నడిచి, ఎప్పుడో ఒక రోజు అతని కన్నా ముందే "ఆగరా దుర్మార్గుడా!" అని చదివేసింది. గంగాధర్ పుస్తకం ఆమె ఒళ్ళో పెట్టేసి, "ఇంక నువ్వే చదువు, నేను వింటా" అన్నాడు.

నలభయ్యో పుస్తకంలో సోమన్న పోయాడు. వరదలో కాలవ లాకు తలుపు విరగబోతుంటే వీపు ఆనించి నిలబడి, ఊళ్ళు మునక్కుండా కాసి, తలుపుతోపాటు తనూ కొట్టుకుపోయాడు. నాలుగో రోజున రేవులో శవం తేలింది. ముఖం ఆనవాలు లేదు. చేతికున్న రాగి కంకణం చూసి తమ్ముడు అన్నని పోల్చాడు. ఆ పేజీ దగ్గర గంగాధర్ లేచి బయటికెళ్ళి ముఖం కడుక్కుని వచ్చాడు. వచ్చాక, "ఈ పుస్తకంలో పోయినోళ్ళు పోయినట్టే ఉంటారే, అందుకే నాకిది ఇష్టం" అన్నాడు.

పక్కింటి బేబీ వాళ్ళ అరుగు మీద అయిదారుగురు ఆడవాళ్ళు చేరి లేసు అల్లుకుంటారు. చేతులు పనిలో ఉంటాయి, నోరూ చెవులూ ఖాళీ. ఏటిసింహం కథలన్నీ వీరదుర్గ వాళ్ళకి చెప్పింది. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు, కానీ ఆ కథ మొదలుపెడితే మాత్రం గొంతు లేచేది. సోమన్న పోయిన సంగతి చెప్పిన రోజున, అందరిలోకీ పెద్దది అచ్చాయమ్మ, "అయ్యో, మంచోడే, చావు కబురు విన్నాం కదా" అని నవ్వులాటకి చెంబుడు నీళ్ళు తలమీద పోసుకుని వచ్చి కూర్చుంది. అందరూ పొట్ట చేత్తో పట్టుకుని నవ్వారు.

గంగాధర్ పోయి ఈ కార్తీకానికి ఏడాది. అతను పోయాక కూడా వీరదుర్గ పుస్తకం మానలేదు. బస్టాండు దగ్గర పుస్తకాల కొట్టు రాజరత్నం గారు ఎప్పట్లాగే ఒకటి తీసి పక్కన పెట్టేవారు. ఆయనా ఆ పుస్తకం పిచ్చివాడే. నూట పన్నెండోది వచ్చిన రోజున ఆయన దాన్ని చేతికివ్వకుండా బల్ల మీద బోర్లించి పెట్టారు.

"వచ్చిందండి. చదవకండి" అన్నారు.

"అదేంటండి, అమ్మేవాళ్ళే చదవద్దంటే ఎలాగండి?"

"అమ్మడం నా యాపారమండి. చదవద్దన్నది నా బాధ." ఆయన ముక్కుపుటాలు ఎగిరిపడుతున్నాయి. "ఇన్నేళ్ళు చదివినవాణ్ణి పట్టుకుని గాడిదని చేశారండి. మా వాట్సాప్ గ్రూపులో మూడు రోజుల్నుంచీ ఒకటే తిట్లు. తణుకు ఆయనొకాయన పుస్తకాలన్నీ కట్టకట్టి బజ్జీల బండికి ఇచ్చేస్తానన్నారు. నిడదవోలులో డ్రాయింగు మాస్టారొకాయన, నలభయ్యో పుస్తకంలో శవానికీ, సోమన్నకీ చెవులు ఒకలా ఉన్నాయా లేదా అని భూతద్దం పెట్టి చూస్తున్నారంట."

"శవం సంగతి ఇప్పుడెందుకండి?"

"చదవండి. చదివి నాకు చెప్పండి. నాకు మటుకు బుర్ర పనిచెయ్యట్లేదు."

వీరదుర్గ ఇంటికొచ్చి చదివింది. అర్థం కాక మళ్ళీ మొదటినుంచి చదివింది. మూడో పేజీలో తలుపు తోసుకుని ఒక గెడ్డపాయన లోపలికొచ్చి, "తమ్ముడూ, ఇంక దాక్కోవలసిన పని లేదు" అన్నాడు. సోమన్న. ఏటిసింహం ఆశ్చర్యపోలేదు. "వచ్చావా అన్నా" అని కుర్చీ లాగాడు. వరదలో పోయింది సోమన్న కాదంట. అతని కంకణం దొంగిలించి పెట్టుకున్న ఎవడో దొంగంట. శత్రువులు నమ్మాలని అన్నదమ్ములిద్దరూ కలిసి ఆడిన నాటకమంట. తమ్ముడికి మొదటినుంచీ తెలుసంట.

తను ఏదైనా పేజీ దాటేసిందేమోనని పాతవన్నీ ముందేసుకుని చూసింది. నలభై ఒకటిలో తమ్ముడు అన్నం మానేశాడు. నలభై ఆరులో ఫొటోకి దండ వేశాడు. అరవై మూడులో ఎవరూ లేని చోట, శత్రువు గానీ మిత్రుడు గానీ చూడని చోట, రేవులో ఒక్కడూ కూర్చుని ఏడ్చాడు. చూసేవాడు లేనప్పుడు నాటకం ఎవరి కోసం?

మర్నాడు అరుగు మీద చెప్పబోతే సగంలోనే గొడవైపోయింది.

"ఆగవే" అంది అచ్చాయమ్మ. "సోమన్న పోయాడు కదే?"

"పోయాడు పిన్నీ."

"మరి వచ్చాడంటావేంటి?"

"వచ్చాడనే వేశారు."

"దెయ్యమా?"

"కాదు. మనిషే. గెడ్డం కూడా పెరిగింది."

"తమ్ముడికి ముందే తెలుసంటావా అక్కా?" అంది బేబీ. "డెబ్భై పుస్తకాలు ఏడ్చాడే వాడు! నేను వాడి కోసం మొక్కుకోవడం ఒక్కటే తక్కువ!"

"నేను తలమీద నీళ్ళు పోసుకున్నానే" అంది అచ్చాయమ్మ. "నవ్వులాటకే అనుకో. ఇప్పుడు వాడు పోలేదంటే ఆ నీళ్ళు ఏమైనట్టు? నేను తడిసినట్టా, తడవనట్టా?"

"నన్నడిగితే నాకేం తెలుసు పిన్నీ, నేను రాశానా?"

"నువ్వు చెప్పావుగా! చెప్పినదానివి నువ్వే కదే, సరిచెయ్యి!"

వీరదుర్గ చేతిలో ఉన్న లేసు వైపు చూసింది. అల్లికలో కింది వరస తప్పయిందంటే పైన అల్లినవన్నీ విప్పుకుంటూ రావాలి. విప్పాక ఆ దారం మళ్ళీ ఉండకి చుట్టాలి, వరసలు మళ్ళీ అల్లాలి. ఎంత ఏడుపొచ్చినా అంతే. పైవరసలు పైనే ఉంచి, కింద ఒక్క వరస లాగి వేరేది పెట్టడం ఇంతవరకూ ఎవరివల్లా కాలేదు. వాళ్ళు పెట్టేశారు. అయినా పుస్తకం విడిపోలేదు, చేతిలోనే ఉంది. అదెలాగో ఆమెకి అంతు చిక్కలేదు.

బేబీ సూది నోట్లో పెట్టుకుని ఆలోచించి, "అయితే అక్కా, ఆ రేవులో తేలిన శవం ఎవరిది మరి?" అంది.

"దొంగ ఎవడో అని రాశారు. పేరు రాయలేదు."

అలా చెప్పిందే గానీ ఆ తర్వాత ఆమె చెయ్యి కదల్లేదు. కాసేపటికి తలనొప్పిగా ఉందని లేచి ఇంటికొచ్చేసింది.

సంగతేంటంటే, గంగాధర్‌ని పోల్చింది ఆమే.

నిరుడు వాయుగుండం రోజుల్లో గోదారి సముద్రంలో కలిసే మొగ దగ్గర బోటు తిరగబడింది. ఇద్దరు ఒడ్డెక్కారు, గంగాధర్ ఎక్కలేదు. నాలుగో రోజున అవతల బీచీ వైపు ఒక శవం కొట్టుకొచ్చింది. నాలుగు రోజులు ఉప్పునీళ్ళలో నానిన మనిషికి ముఖమేముంటుంది. ఒంటి మీద చొక్కా లేదు. మొలకి ఎర్రదారంతో రాగి తాయెత్తు ఉంది. పోలీసాయన "మీ ఆయనేనా అమ్మా, చూసి చెప్పండి" అన్నాడు. మరిది పల్లంరాజు అప్పటికే అటు తిరిగి నిలబడ్డాడు. ఆమె తాయెత్తు చూసి "అవునండి" అంది. ఆ ఒక్క మాటతో అంతా జరిగిపోయింది. దహనం, పెద్దకర్మ, ఆమె గాజులు.

ఆ తాయెత్తు అమ్మవారి తీర్థంలో కొన్నది. ఆ ఏడు పల్లెలో సగం మంది మొలలకి అదే. ఈ ఆలోచన ఆమెకి ఇదివరకు రాలేదా అంటే వచ్చింది. వచ్చినప్పుడల్లా చేట పట్టుకుని బియ్యం చెరిగేది, దులిపేసేది. ఇప్పుడు ఎవరో రాజమహేంద్రవరంలో కూర్చుని దాన్ని బొమ్మలు వేసి అచ్చుకొట్టి చేతికిచ్చారు. ఆ రోజునుంచీ ఎవరు తలుపు తట్టినా ఆమె చేతిలో పని వదిలేసి లేచేది. గెడ్డంతో ఎలా ఉంటాడా అని కూడా ఒకసారి అనుకుంది. అనుకున్నందుకు సిగ్గుపడింది.

అదే వారంలో పల్లంరాజు వచ్చి పీట మీద కూర్చున్నాడు.

"తిథి వచ్చే బుధవారం పడిందొదినా. పంతులుగారితో మాట్లాడేశాను. వలంధర రేవులో పెట్టుకుందాం. సంవత్సరీకం అయిపోతే అన్నకి మనం చెయ్యాల్సిన పెద్ద కార్యం అయిపోయినట్టే."

"ఇప్పుడు వద్దు పల్లంరాజూ."

"వద్దంటే?"

"కొన్నాళ్ళు ఆగుదాం."

"తిథి ఆగుద్దా వదినా? డీజిలు లేక ఆగడానికి అదేమన్నా బోటా?"

ఆ కార్యం కూడా అయిపోతే తలుపుకి అవతలినుంచి గడియ పెట్టేసినట్టవుతుందని ఆమె భయం. ఒకవేళ అతను ఎక్కడో ఉండి ఉంటే, తనే వెళ్ళగొట్టినట్టవుతుంది. అలాగని చెయ్యకుండా ఉంటే, పోయినవాడు నిజంగా అతనే అయితే, ఏడాదిగా తిండికి నీళ్ళకి గుమ్మం దగ్గర నిలబడ్డవాణ్ణి వెనక్కి పంపినట్టవుతుంది. ఎటు అడుగేసినా అతని మీదే పడేలా ఉంది.

"అది మీ అన్నే అంటావా?" అంది చివరికి.

పల్లంరాజు ఆమెకేసి చూసి, గోడవారగా పేర్చిన పుస్తకాలకేసి చూశాడు. అరుగు మీద కబుర్లు అతని చెవిన కూడా పడ్డాయి.

"బొమ్మల పుస్తకం చూసి అడుగుతున్నావా వదినా ఈ మాట? అన్న కాదేమోనని నేననుకోలేదనుకున్నావా? నేనెందుకు అటు తిరిగి నిల్చున్నాను? నువ్వు అవునన్నావు. నీ మాట పట్టుకునే నిప్పు పెట్టాను."

తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "సోమారం లోపు చెప్పు" అన్నాడు.

పుస్తకం అట్ట లోపల ఉత్తరాలు రాయడానికి చిరునామా, ఒక ఫోను నంబరు ఉంటాయి. వీరదుర్గ శనివారం పొద్దున్న స్నానం చేసి, దీపం పెట్టుకుని, ఆ నంబరుకి చేసింది. ఎవరో తీసి, ఎవరికో ఇచ్చారు. కథ రాసేది తనేనని, పేరు యుగంధర్ అని ఆయన మర్యాదగానే చెప్పాడు.

"నూట పన్నెండు గురించేనా అండి?" అన్నాడు అలసిపోయిన గొంతుతో. "పొద్దున్నుంచి మీరు తొమ్మిదోవారు. తిట్టండి, వింటాను."

"అయ్యో, తిట్టడానికి కాదండి. ఒక్కటి అడుగుదామని. సోమన్నని ఎందుకు తీసుకొచ్చారండి?"

"కొత్తగా చదివేవాళ్ళకి పాత కథ బరువైపోయిందండి. సోమన్న ఉంటే బాగుంటుందని చాలామంది రాశారు."

"బాగుంటుందండి. ఎవరుంటే బాగోదు." ఆమె ఫోను ఆ చెవినుంచి ఈ చెవికి మార్చుకుంది. "మరి ఆ తేలినాయన ఎవరండి?"

"ఎవరండి?"

"రేవులో తేలినాయన. సోమన్న అనుకుని మీరు దహనం చేసినాయన."

"ఓ, ఆ దొంగా! ఎవరో ఒకరండి. కథకి అంత ముఖ్యం కాదు."

"ఎవరో ఒకరు ఎలా అవుతారండి? వాళ్ళింట్లోవాళ్ళు ఎదురుచూస్తారు కదండి. వాళ్ళ మనిషిని మీరు సోమన్న పేరు మీద కాల్చేశారు. వాళ్ళకి కబురెవరు చెప్పారండి?"

అవతల ఎవరో వెనకాల నవ్వితే ఆయన "ఉష్" అన్నాడు.

"అది మేము ఆలోచించలేదండి" అన్నాడు. "నిజం చెప్పాలంటే ఆ బొమ్మ వేయించినప్పుడు అది సోమన్న శవమేనండి. దొంగ అన్నది ఇప్పుడు మార్చింది."

"అప్పుడు సోమన్నేనా అండి?"

"అవునండి."

"ఇప్పుడు కాదా అండి?"

"కాదండి."

"శవం అదే కదండి?"

"అదే బొమ్మండి. మీది ఏ ఊరమ్మా?"

ఆమె ఊరు చెప్పి, ఉంటానండి అని పెట్టేసింది. రాసినాయనకి తెలుస్తుందనుకుంది. ఆయనకీ తెలీదు.

ఆ మధ్యాహ్నం అచ్చాయమ్మ ఒక్కతే అరుగు మీదుంటే పోయి పక్కన కూర్చుంది. ఏడాదిగా ఎవరికీ చెప్పనిది, తాయెత్తు సంగతి, పోలీసాయన అడగడం, తను అవుననడం, అన్నీ చెప్పింది. చెబుతున్నంతసేపూ అచ్చాయమ్మ అల్లుతూనే ఉంది.

"మా మేనమామ నూకరాజు సంగతి నీకు తెలీదు కదూ" అంది. "నా చిన్నప్పుడు తుపానులో పోయాడు. మనిషి దొరకలేదు. దర్భలతో బొమ్మ చేసి దహనం చేశారు, కర్మ చేశారు, అంతా చేశారు. పధ్నాలుగు నెలలకి ఒడిశా వైపునుంచి నడుచుకుంటూ వచ్చాడు. ఏదో ఓడవాళ్ళు ఎక్కించుకున్నారంట, జొరమొచ్చి ఎక్కడో పడున్నాడంట."

"మరి?"

"మరేముంది, మా అమ్మమ్మ గుమ్మం ఎక్కనివ్వలేదు. 'అక్కడే ఆగరా' అంది. కన్నతల్లి! పరిగెత్తుకెళ్ళి కావలించుకోవద్దూ? అయినా ఆగమంది. పోయినవాడు పోయాడు, కర్మ అయిపోయింది, అది వెనక్కి రాదు. ఈ వచ్చినవాడు మళ్ళీ పుట్టాలి. మంత్రసానిని పిలిపించారు. పసిపిల్లాడికి పోసినట్టు నీళ్ళు పోశారు. చేటలో పడుకోబెట్టాలి కదా, అంత మనిషి చేటలో పడతాడా? కాళ్ళు రెండూ చేటలో పెట్టించి మిగతా మనిషిని చాప మీద పడుకోబెట్టారు. నోట్లో తేనె రాశారు. మీసాలకంతా అంటుకుంది."

వీరదుర్గకి ఏడాదిలో మొదటిసారి నవ్వొచ్చింది.

"పేరు పెట్టారు. అదే పేరు పెట్టకూడదంట, అది పోయినవాడిది. కొత్త పేరు పెట్టారు. మా అత్తని పీటల మీద కూర్చోబెట్టి మళ్ళీ తాళి కట్టించారు. ఇద్దరు పిల్లలు పక్కన కూర్చుని పెళ్ళి చూస్తన్నారు, దాని సిగ్గు చూడాలి!" అచ్చాయమ్మ దారం పళ్ళతో తెంపింది. "అదీ పద్ధతి. మనిషి తిరిగొచ్చాడని ఏడ్చిన ఏడుపు అబద్ధమని ఎవరూ అనలేదు. మీ పుస్తకపోళ్ళకి అది తెలీక, కుర్చీ లాగి కూర్చోబెట్టేశారు."

"కర్మ చేసినా రావొచ్చంటావా పిన్నీ?"

"కర్మ చేస్తే రాకూడదని ఎవరు చెప్పారే నీకు? చేసింది చేసినట్టే ఉంటది. వచ్చేవాడు వస్తే మళ్ళీ పుట్టిస్తాం. నేనుంటే తేనె నేనే రాస్తా."

వీరదుర్గ ఇంటికొచ్చి పల్లంరాజుకి ఫోను చేసి బుధవారం చేద్దామంది. చెప్పాక కూడా ఆమె మనసు తేలిక పడలేదు. గంగాధర్ సంగతి ఒక దారికొచ్చినట్టే ఉంది గానీ ఆ రెండో మనిషి, ఉన్నాడో లేడో తెలియని ఆ రెండో మనిషి, అలాగే నిలబడి ఉన్నాడు. ఆ మాట ఎవరికి చెప్పినా నవ్వుతారు.

బుధవారం రేవులో జనం పల్చగా ఉన్నారు. పంతులుగారు మెట్టు మీద దర్భలు పరిచారు. పల్లంరాజు తడిబట్టలతో కూర్చున్నాడు. పేరూ గోత్రం చెప్పించి పిండాలు పెట్టించారు. ఆయన చెయ్యి కడుక్కోబోతుంటే వీరదుర్గ ముందుకొచ్చింది.

"ఇంకోటి పెట్టించండి పంతులుగారూ."

"ఎవరికమ్మా?"

"తెలీదండి."

"ఎవరూ లేనివాళ్ళందరికీ కలిపి ధర్మపిండం పెట్టించానమ్మా."

"అందరికీ కలిపి కాదండి. ఒక మనిషికి." ఆమె చీర కొంగు గట్టిగా పట్టుకుంది. "నిరుడు నేను అవునన్నాను కదండి. ఆయన మా ఆయనే అయితే ఇప్పుడు పెట్టింది ఆయనకే అందుతుంది. కాకపోతే, ఆ మనిషికి. వాళ్ళవాళ్ళకి కబురు తెలీదు. నా మూలానే తెలీదు."

పంతులుగారు పల్లంరాజుకేసి చూశారు. పల్లంరాజు నీళ్ళకేసి చూస్తున్నాడు.

"పేరు లేకుండా ఎలా పెట్టించనమ్మా? ఏదో ఒకటి చెప్పాలి."

"నేను అవునన్నాయన అని చెప్పండి."

అలాంటి మాట ఏ మంత్రంలోనూ ఇమడదని ఆయన అనబోయారు. ఈలోగా పల్లంరాజే మిగిలిన అన్నం చేతిలోకి తీసుకుని ముద్ద చేశాడు. "మా వదిన అవునన్నాయనకి" అని పైకే చెప్పి దర్భ మీద పెట్టాడు. పంతులుగారు గొంతు సవరించుకుని, ఆ పైన తన మంత్రం తను చదివారు.

అన్నీ ఒకే ఆకులోకి ఎత్తి, పల్లంరాజు మోకాళ్ళ లోతు దిగి గోదాట్లో వదిలాడు. వీరదుర్గ మెట్టు మీద నిలబడి చూసింది. ముద్దలు కాస్త దూరం కలిసే వెళ్ళాయి. విడిపోయాక ఏది ఎవరిదో చెప్పడం ఆమె వల్ల కాలేదు.

పల్లంరాజు పైకొచ్చి తువ్వాలు పిండుకున్నాడు. మెట్లెక్కుతూ, ఆమెకేసి చూడకుండానే అడిగాడు.

"మళ్ళీ ఏడు కూడా ఇలాగేనా వదినా? రెండా?"

"రెండే" అంది వీరదుర్గ. "తెలిసేదాకా రెండే."